పెత్రోస్ చేత మాట్లాడించినవాడు: అడిస్ అబాబా, అంబో ప్రయాణం

ఆదివారం, ఫిబ్రవరి 17, 2019

హోలీ ట్రినిటీ కేథడ్రల్ ఆవరణలో తిరిగితే ఇథియోపియా ఇరవయ్యో శతాబ్దమంతా ఒకే కాంపౌండులో పడుకుని ఉన్నట్టుంటుంది. గుడి లోపల గ్రానైట్ పెట్టెల్లో చక్రవర్తి హైలే సెలాసీ, ఆయన భార్య. బయట సిల్వియా పాంక్‌హర్స్ట్ సమాధి. ఇంగ్లండులో ఆడవాళ్ల ఓటు కోసం కొట్లాడి, తర్వాత ఇటలీ దాడికి ఎదురుగా ఇథియోపియా పక్షాన నిలబడిన మనిషి. ఇంకో చోట, 1974లో సైనిక ప్రభుత్వం ఒక్క రాత్రిలో కాల్చి చంపించిన మంత్రులకూ సైన్యాధికారులకూ స్మారకం. నేను వెతుక్కుంటూ వచ్చిన మనిషి కూడా ఈ ఆవరణలోనే ఉన్నాడు: కవి, నాటకకర్త త్సెగాయె గెబ్రె మెద్హిన్.

ఆదివారం కాబట్టి జనం బాగా ఉన్నారు. ఆడవాళ్లంతా అంచున్న తెల్ల నూలు బట్ట తల మీంచి కప్పుకున్నారు. కొంతమంది లోపలికి వెళ్లకుండా గుడి గోడకే నుదురు ఆనించి ప్రార్థన చేసుకుంటున్నారు. దారి చూపించిన కాపలా పెద్దాయన "లోరియెట్ దగ్గరికా?" అన్నాడు. ఇక్కడ ఆయన పేరుకు ముందు ఆ బిరుదు అంటుకుపోయింది, మన దగ్గర మహాకవి అన్నట్టు.

1936 ఆగస్టు 17న అంబో పట్నం దగ్గర బోడా అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి ఒరొమో, తల్లి అమ్హారా. రెండూ ఇక్కడి పెద్ద జాతులు, అమ్హారాల భాష అమ్హారిక్. చిన్నప్పుడు పశువులు కాశాడు, చర్చి భాష గీజ్ నేర్చుకున్నాడు. బడిలో ఉండగానే నాటకాలు రాశాడు. అందులో ఒకటి డయోనిసియస్ రాజు కథ. గ్రీకు కథల్లోని ఆ నియంత గురించి ఒక పల్లెటూరి పిల్లాడు నాటకం రాస్తే, సాక్షాత్తూ చక్రవర్తి వచ్చి కూర్చుని చూశాడు. ఆయనకు ఏమనిపించిందో గానీ, ఆ పిల్లాడికి మాత్రం రాజుల ముందు రాజుల గురించి మాట్లాడే అలవాటు ఆ రోజే పడి ఉంటుంది.

నేను తెనాలివాణ్ణి. రాత్రంతా పద్యనాటకం చూసి, పొద్దున్నే బడికి వెళ్లి బెంచీ మీద నిద్రపోయిన బాపతు. మా పిన్ని కొడుకు కొన్నేళ్లుగా అంబో యూనివర్సిటీలో ఇంజినీరింగ్ పాఠాలు చెబుతున్నాడు. ఇథియోపియా యూనివర్సిటీల్లో మనవాళ్లు చాలామందే ఉన్నారు. వాడు ఒకసారి కాలేజీ ఫంక్షన్‌లో ఒక కుర్రాడు ఏదో చదువుతుంటే ఫోన్లో రికార్డు చేసి పంపాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ గొంతు ఎక్కడ లేస్తోందో, ఎక్కడ విరుగుతోందో, జనం ఎక్కడ ఊపిరి బిగబడుతున్నారో తెలుస్తూనే ఉంది. కాటి సీనులో హరిశ్చంద్రుడి పద్యం అందుకున్నప్పుడు పందిట్లో ఎట్లా ఉంటుందో అట్లాగే ఉంది. "ఇదేమిటిరా?" అంటే "త్సెగాయె రాసిన పెత్రోస్ నాటకం అన్నయ్యా, ఇక్కడ అందరికీ నోటికొచ్చు" అన్నాడు. అదీ ఈ ప్రయాణానికి మూలం.

సోమవారం, ఫిబ్రవరి 18

పొద్దున్నే పియాసా వైపు. ఇటాలియన్ల కాలం నాటి బాల్కనీలు, బంగారం కొట్లు, నిలబడి మకియాతో తాగే కాఫీ దుకాణాలు. ఊరు సముద్ర మట్టానికి 2,300 మీటర్ల పైనే ఉంది కాబట్టి నాలుగు మెట్లు ఎక్కితే చాలు, గుండె గుర్తు చేస్తుంది.

సెయింట్ జార్జ్ కేథడ్రల్‌కు కాస్త దూరంలో బిషప్ అబునె పెత్రోస్ విగ్రహం ఉంది. కింద సొరంగంలో లైట్ రైలు పోతుంది. ఆ సొరంగం కోసం 2013లో విగ్రహాన్ని ఊడదీసి మ్యూజియంలో పెట్టి, 2016లో తిరిగి తెచ్చి నిలబెట్టారు. తీసినప్పుడు ఊళ్లో చాలామంది బాధపడ్డారట. రైలు తర్వాతైనా వస్తుంది, బిషప్‌ను ఎందుకు కదిపారు అని.

కథ ఇది. 1936 మే 2న చక్రవర్తి రాజధాని వదిలి రైలెక్కి జిబూటీ వెళ్లిపోయాడు, అక్కణ్ణుంచి ఇంగ్లండు. మే 5న ఇటలీ సైన్యం ఊళ్లో దిగింది. జులై చివర్లో దేశభక్త దళాలు రాజధాని మీద దాడి చేస్తే, ఆ దాడిలో చేయి ఉందని బిషప్‌ను పట్టుకున్నారు. దళాలను బందిపోట్లని ప్రకటించు, ఇటలీకి లొంగిపొమ్మని జనానికి చెప్పు, బతికిపోతావు అన్నారు. ఆయన ఒప్పుకోలేదు. పైగా లొంగినవాళ్లను ఈ నేల మొయ్యకుండుగాక అని శపించాడు. జులై 29న జనం ముందే కాల్చేశారు.

తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. బిషప్ చనిపోయిన పంతొమ్మిదో రోజున త్సెగాయె పుట్టాడు. ముప్ఫై మూడేళ్లకు ఆయన మీద నాటకం రాశాడు. పేరు 'పెత్రోస్ యాచిన్ సెఆత్', అంటే ఆ గడియలో పెత్రోస్. రేపు లేదనుకున్న మనిషి మేరీ మాతను నిలదీస్తాడు: ఇథియోపియా మీద నీకింత కాఠిన్యం ఏమిటమ్మా, ఇంకెంతకాలం చూస్తూ ఊరుకుంటావు? ఆ నిష్ఠూరంలో భయం ఉంది, అలక ఉంది, బిడ్డ చనువు ఉంది. మన భక్త రామదాసు నిందాస్తుతి విన్నవాళ్లకు ఈ బిషప్ కొత్తవాడేమీ కాడు.

నన్ను తిప్పుతున్న టాక్సీ కుర్రాడికి ఇరవై ఐదేళ్లు ఉంటాయేమో. నన్ను 'గాషే' అని పిలుస్తున్నాడు, పెద్దవాళ్లను అట్లా పిలుస్తారు. విగ్రహం దగ్గర కారు ఆపి, "ఆ నాటకం కోసమే వచ్చారా గాషే, అంత దూరం నుంచి?" అని ఇంగ్లీషులో అడిగాడు. అవునన్నాను. స్టీరింగ్ మీద నుంచి చేతులు తీసేసి మొదలుపెట్టాడు. వెనకాల మినీబస్సు హారన్ కొడుతోంది. పట్టించుకోలేదు. ఒక పాదం సగంలో తెగుతుంది, ఊపిరి తీసుకునేంత ఖాళీ, మళ్లీ అందుకుంటుంది. అమ్హారిక్ పద్యంలో త్సెగాయె తెచ్చిన నడకకు ఆయన పేరే పెట్టి 'త్సెగాయె బేత్' అంటారు. నాలుగైదు పాదాల తర్వాత మర్చిపోయి నవ్వేశాడు. "బళ్లో చదివాం. మా అమ్మకైతే మొత్తం వచ్చు."

రాత్రి హోటల్లో కూర్చుని ఆలోచిస్తే ఇంకో సంగతి తట్టింది. ఈ నాటకం వచ్చింది 1969లో, హైలే సెలాసీ సింహాసనం మీద ఉండగా. దేశం వదిలి వెళ్లి తిరిగొచ్చిన రాజు పాలనలో, వెళ్లకుండా నిలబడి చచ్చిపోయిన బిషప్ గురించి నాటకం. రాజును ఎక్కడా ఒక్క మాట అనలేదు. అనక్కర్లేదు కూడా.

అమ్హారిక్ కవిత్వంలో 'సెమెన్నా వర్క్' అనే పద్ధతి శతాబ్దాల నుంచి ఉంది, అంటే మైనమూ బంగారమూ. కంసాలి ముందు మైనంతో బొమ్మ చేసి, చుట్టూ మట్టి కప్పి కాలుస్తాడు. మైనం కరిగి పోతుంది, ఆ ఖాళీలోకి బంగారం పోస్తాడు. పద్యంలో పైకి వినిపించే అర్థం మైనం, లోపలిది బంగారం. రాఘవ పాండవీయం రాసుకున్న జాతికి శ్లేష గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. తేడా ఏమిటంటే, సూరనది పాండిత్య ప్రదర్శన. ఇక్కడ అది ప్రాణం కాపాడుకునే విద్య కూడా. పెత్రోస్ విషయంలో మైనం బిషప్, బంగారం ఎవరన్నది హాల్లో కూర్చున్నవాళ్లకు తెలుసని నా నమ్మకం.

మంగళవారం, ఫిబ్రవరి 19

వాళ్ల కేలండరులో ఈ రోజు యెకాటిత్ 12. వాళ్లది ఇంకా 2011వ సంవత్సరం. సిదిస్త్ కిలో కూడలిలో స్మారక స్తంభం దగ్గర దండలు వేసే రోజు. 1937లో ఇదే తేదీన ఇటలీ వైస్రాయ్ గ్రాజియానీ మీద ఇద్దరు యువకులు గ్రెనేడ్లు విసిరారు. అతను బతికాడు. దానికి బదులుగా మూడు రోజుల పాటు ఊరి మీద పడి నరికారు, కాల్చారు, ఇళ్లకు నిప్పు పెట్టారు. ఇథియోపియా లెక్క ప్రకారం చనిపోయినవాళ్లు 30,000 మంది.

ముసలి యోధులు పతకాలు పెట్టుకుని వచ్చారు. ఒకాయన తల చుట్టూ సింహం జూలు. ఎండకు చెమట కారుతున్నా తియ్యలేదు. బ్యాండు మేళం, ఉపన్యాసాలు. నాకు భాష రాదు కాబట్టి ఉపన్యాసాల బాధ తప్పింది.

కూడలి ఎదుటే అడిస్ అబాబా యూనివర్సిటీ. ఒకప్పుడు చక్రవర్తి ప్యాలెస్. గ్రెనేడ్లు పడింది ఆ ఆవరణలోనే. అక్కడ థియేటర్ ఆర్ట్స్ శాఖ పెట్టించడంలో త్సెగాయె చెయ్యి ఉంది. వరండాలో ఇద్దరు విద్యార్థులు కర్రలు పట్టుకుని కత్తియుద్ధం ప్రాక్టీసు చేస్తున్నారు. ఏ నాటకం అంటే 'హామ్లెట్' అన్నారు. ఎవరి అనువాదం అని అడగబోయి ఆగాను. నా మొహం చూసి ఇద్దరిలో ఉన్న అమ్మాయే చెప్పింది: "త్సెగాయెదే. ఇంకెవరిది?"

'ఒథెల్లో', 'మాక్‌బెత్', 'హామ్లెట్', 'కింగ్ లియర్'. ఇవన్నీ ఆయన అమ్హారిక్‌లోకి తెచ్చాడు. చికాగోలో లా చదివి, లండన్ రాయల్ కోర్టు థియేటర్లో, పారిస్ కొమెడీ ఫ్రాన్సేజ్‌లో నాటకం పని నేర్చుకుని 1960 ప్రాంతంలో తిరిగొచ్చాడు. ఆయన ఏరుకున్నవి చూడండి: హంతకుడైన రాజు, పిచ్చెక్కిన రాజు, తండ్రి సింహాసనం మీద బాబాయి. షేక్‌స్పియర్ కదా అని పైవాళ్లు చప్పట్లు కొట్టి ఉంటారు. మైనం!

బుధవారం, ఫిబ్రవరి 20

ఈ మూడు రోజులూ చర్చి లెక్కలో నినవే ఉపవాసం. మాంసం, పాలు, గుడ్డు ఏవీ ఉండవు. శాకాహారికి పండగే. మధ్యాహ్నం ఇంజెరా అనే పులిసిన పిండి అట్టు మీద వరసగా శనగపిండి షిరో, ఎర్రపప్పు, పసుపు వేసిన క్యాబేజీ, బీట్‌రూట్. ఇంజెరా పులుపు మొదటి రోజు ముఖం చిట్లిస్తుంది, మూడో రోజుకు అలవాటైపోతుంది. బెర్బెరె కారం మన గుంటూరువాళ్లు కూడా ఒప్పుకునేదే.

మధ్యాహ్నం ఆఫ్రికన్ యూనియన్ భవనం చూడ్డానికి వెళ్లాను. చైనా కట్టించి ఇచ్చింది, 2012లో తెరిచారు. లోపలికి అనుమతి కావాలి, నేను బయటి నుంచే చూశాను. అక్కడ సమావేశాలప్పుడు పాడే ఆఫ్రికా గీతానికి మాటలు త్సెగాయెవే. సంగీతం కెన్యాకు చెందిన ఆర్థర్ కెమోలీది. 1986లో, అప్పటి ఆఫ్రికా ఐక్యతా సంస్థ దాన్ని స్వీకరించింది. ఒక ఖండమంతా లేచి నిలబడి పాడే పాట రాసినవాడి పేరు ఆ గేటు దగ్గర సెక్యూరిటీ అబ్బాయికి తెలుసా అని అడిగాను. పాట సంగతి తెలియదన్నాడు. "కానీ పెత్రోస్ తెలుసు."

నాకు దిగులేమీ అనిపించలేదు. గీతం ఇంగ్లీషులో రాసింది, అందరికోసం రాసింది. అందరికోసం రాసినవి అట్లాగే ఉంటాయి, చక్కగా ఇస్త్రీ చేసినట్టు. బిషప్ మేరీ మాతతో గొడవపడేది అమ్హారిక్‌లో. అందుకే అది టాక్సీలో కూడా పలుకుతోంది.

సాయంత్రం నేషనల్ మ్యూజియం. 32 లక్షల ఏళ్ల నాటి మానవ పూర్వీకురాలు లూసీ ఎముకల నకళ్లు. చూశాను, బాగున్నాయి.

గురువారం, ఫిబ్రవరి 21

అంబోకు పడమటి రోడ్డు. మొదట హొలెటా. తర్వాత అడిస్ ఆలెం, మెనెలిక్ చక్రవర్తి ఒకప్పుడు రాజధాని మార్చుదామనుకున్న ఊరు. తర్వాత గించీ. 2015 నవంబరులో రాజధాని విస్తరణ ప్రణాళికకు ఎదురుగా ఒరొమో విద్యార్థుల ఆందోళన ఈ చిన్న ఊళ్లోనే అంటుకుంది, తర్వాత దేశాన్నే కుదిపేసింది. దారి పొడుగునా ఇంజెరా చేసే తెఫ్ పంట కోసిన పొలాలు, గడ్డివాములు, గాడిదల మీద నీళ్ల డబ్బాలు. గాడిద ఎదురైతే బస్సే తప్పుకుంటుంది.

తమ్ముడు బస్‌స్టాండుకు వచ్చాడు. "అన్నయ్యా, ఇంత లావయ్యావేంటి?" అన్నది మొదటి మాట. వాడి ఇంట్లో గోంగూర పచ్చడి ఉంది. ఎవరో సెలవులకు వెళ్లి తెచ్చిందట. ఇక్కడి తెలుగు మాస్టార్లంతా దాన్ని చెంచాలతో పంచుకుంటారు.

అంబో అంటే ఈ దేశంలో మొదట గుర్తొచ్చేది సోడా నీళ్లు. నేలలోంచి గ్యాసుతోనే ఊరతాయి. ఏ హోటల్లోనైనా 'అంబో' అంటే సీసా తెచ్చి పెడతారు. తర్వాత గుర్తొచ్చేది రాజకీయం. ఏ ప్రభుత్వం మీద కోపమొచ్చినా ముందు లేచేది ఈ ఊరేనని తమ్ముడు గర్వంగానే చెప్పాడు, వాడిదేదో సొంతూరైనట్టు.

శుక్రవారం, ఫిబ్రవరి 22

తమ్ముడి సహోద్యోగి ఇంట్లో కాఫీ. నేల మీద పచ్చగడ్డి పరిచి, సాంబ్రాణి వేసి, గింజలు అప్పటికప్పుడు పెనం మీద వేయించి, ఆ పొగ అందరి ముక్కుల దగ్గరికీ తిప్పారు. జెబెనా కూజాలోంచి మూడు విడతలు పోస్తారు. మూడోది తాగకుండా లేస్తే మర్యాద కాదు. పక్కన పేలాలు.

అక్కడ ఇద్దరు టీచర్లకు త్సెగాయె మీద వాదన మొదలైంది. ఒకాయన అన్నాడు: ఒరొమో బిడ్డ, బతుకంతా అమ్హారిక్‌కు ఊడిగం చేశాడు. రెండో ఆయన లేచి నిలబడ్డాడు: మరి 'ఓడా ఓక్ ఒరాకిల్' ఎవరి కథ? 1965లో ఇంగ్లీషులో వచ్చిన నాటకం అది. ఓడా అంటే ఒరొమోలు సభ తీర్చే మహావృక్షం. పుట్టబోయే తొలి బిడ్డను పూర్వీకులకు బలివ్వాలని చెట్టు వాక్కు వస్తుంది. బిడ్డే పుట్టకుండా చూద్దామని భర్త భార్యకు దూరంగా ఉంటాడు. ఆమె అతని స్నేహితుడికి దగ్గరవుతుంది. అక్కణ్ణుంచి ఇక విధి నడిపినట్టే. "మన చెట్టును ప్రపంచం ముందు పెట్టింది అతనే కదా!" అన్నాడాయన. "పెట్టాడు, కానీ ఇంగ్లీషులో. మన భాషలో కాదు" అన్నాడు మొదటాయన.

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. వాళ్ల చరిత్రలో బడి భాష, ఆఫీసు భాష అమ్హారిక్ ఒక్కటే అయిన రోజులు ఉన్నాయి. 1930లలో పుట్టిన పిల్లాడికి వేదిక దొరికింది ఆ భాషలోనే. త్సెగాయె మాత్రం తనను ఏ ఒక్క జాతి కవిగానూ చెప్పుకోలేదు. ఇథియోపియా చాలక ఆఫ్రికా అన్నాడు, ప్రాచీన ఈజిప్టు దాకా వెళ్లి వేళ్లు వెతికాడు. ఆ వెతుకులాటలో కొంత కవి ఊహ ఎక్కువ, చరిత్ర తక్కువ అని నా అభిప్రాయం. ఆ మాట అక్కడ అనలేదు. మూడో కప్పు అప్పుడే వచ్చింది.

శనివారం, ఫిబ్రవరి 23

తిరిగి అడిస్. సాయంత్రం నేషనల్ థియేటర్. ఇటాలియన్లు సినిమా హాలుగా మొదలుపెట్టి వదిలేస్తే, చక్రవర్తి పట్టాభిషేకం రజతోత్సవానికి 1955లో పూర్తి చేసి తెరిచారు. ఎదురుగా రాతి సింహం. 1961 నుంచి 1971 దాకా ఇది త్సెగాయె చేతిలో ఉంది. 1966లో ఇరవై తొమ్మిదేళ్లకే అమ్హారిక్ సాహిత్యానికి హైలే సెలాసీ బహుమతి అందుకున్నాడు. అంతకు ముందు అంత చిన్న వయసులో ఎవరికీ రాలేదు.

1974లో రాజు గద్దె పోయింది, దెర్గ్ అనే సైనికుల మండలి వచ్చింది. అదే ఏడాది త్సెగాయె నాటకం 'హా హు బె సిదిస్త్ వెర్', అంటే ఆరు నెలల్లో అక్షరాలు. మరుసటేడు జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ 'మదర్ కరేజ్'ను అమ్హారిక్ చేశాడు. ఆ సైనికులే ఆయన్ను కొన్నాళ్లు జైల్లో పెట్టారు. రాజు కాలంలో కొన్ని నాటకాలు ఆగాయి, సైనికుల కాలంలో కొన్ని ఆగాయి, ఆ తర్వాత వచ్చినవాళ్ల కాలంలోనూ ఆగాయి. ఆపినవాళ్లు వేరు, ఆగిన కవి ఒక్కడే. 1998లో కిడ్నీ జబ్బుతో డయాలిసిస్ కోసం అమెరికా వెళ్లి, 2006 ఫిబ్రవరి 25న న్యూయార్కులో పోయాడు. శవాన్ని ఇక్కడికి తెచ్చారు.

ఈ రోజు ఆడుతున్నది ఆయన నాటకం కాదు. అత్తాకోడళ్ల కామెడీ. హాలు నిండింది. మూడు వరసల ముందు ఒకావిడ నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకుంది. భాష తెలియకపోయినా అత్త వేసే పాత్రధారి టైమింగ్ చూసి నేనూ నవ్వాను. 

నాటకానికి ముందు థియేటర్ దగ్గర్లోని పాత పుస్తకాల కొట్లు గాలించాను. 'ఇసాత్ వెయ్ అబెబా', నిప్పా పువ్వా అనే ఆయన కవితల పుస్తకం దొరికింది. అట్ట చిరిగింది, లోపల ఎవరో పెన్సిల్‌తో గీతలు కొట్టుకున్నారు. కొట్టతను మొదట చెప్పిన ధర విని నేను నడక మొదలుపెట్టాను. వెనక్కి పిలవలేదు. నేనే తిరిగి వెళ్లాను. "చదవడం వచ్చా?" అన్నాడు. రాదన్నాను. ఇంకో ఇరవై బిర్ తగ్గించి, గీతలున్న పేజీ తెరిచి నిలబడే చదవడం మొదలుపెట్టాడు. పక్క కొట్టతను వచ్చి ఒక చోట తప్పు దిద్దాడు. ఇద్దరికీ ఆ పాదం మీద పేచీ వచ్చింది. నేను ఫోన్ రికార్డింగ్ నొక్కి పక్కన నిలబడ్డాను. పేచీ తేలకముందే నాటకం గంట కొట్టారు.